వేసవి సెలవుల్లో చదువు – మూడో పాఠం: అదే కథ, రెండోసారి

పోయిన రెండు పాఠాల్లో పుస్తకం ఎలా ఎంచుకోవాలో, రోజుకి ఎంతసేపు కూర్చుంటే చాలో చూశాం. పది పేజీలు చదివినా మనసు పట్టకపోతే మొహమాటపడకుండా పక్కన పెట్టేయమన్నాను, ఆ మాట అలాగే ఉంది. ఈసారి చెప్పేది నచ్చిన కథ గురించి. కథ నచ్చితే వెంటనే ఇంకోదానిమీదకి దూకొద్దు, అదే కథ మళ్ళీ మొదట్నుంచి చదవండి.

"అయిపోయిన కథ మళ్ళీ ఎందుకు మేష్టారూ, ఏమవుతుందో తెలిసిపోయింది కదా" అని క్లాసులో ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. తెలిసిపోయింది కాబట్టే. మొదటిసారి మనం తర్వాతేమవుతుందా అని పరిగెడతాం, ఆ పరుగులో రచయిత దారి పొడుగునా ఏం పెట్టాడో కంటికి ఆనదు. రెండోసారి ఆ టెన్షన్ ఉండదు, నింపాదిగా చూడొచ్చు. బడి నడిచే రోజుల్లో సిలబస్ తరుముతుంది కాబట్టి ఇలా చదవమని అడగడానికి నాకే నోరు రాదు. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు ఏరడానికి పెద్దవాళ్ళతో తోటకెళ్ళే పిల్లలకి కూడా మధ్యాహ్నం ఎండ ముదిరాక కాసేపు ఖాళీ దొరుకుతుంది, ఆ కాసేపూ చాలు.

ఈ పాఠానికి గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' తీసుకుందాం. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. చిన్న కథ, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది, నెట్‌లో వెతికితే సులువుగా దొరుకుతుంది. తెలుగులో మొదటి కథ ఇదేనని గైడుల్లో ఉంటుంది, కానీ భండారు అచ్చమాంబగారు 1902లోనే 'ధనత్రయోదశి' రాశారు, అది కూడా ఈ సెలవుల్లో తప్పకుండా చదవండి. ఏది మొదటిదన్న బిట్టు ప్రశ్న కోసం ఈ రెండు కథల్నీ వాడుకుని వదిలేయడం నాకు అస్సలు నచ్చదు, రెండూ కూర్చుని చదవాల్సిన కథలు. 'దిద్దుబాటు' భాష కొంచెం పాతది, మొదటి పేజీలో తడబడతారు, ఫరవాలేదు, పైకి చదవండి, చెవికి అలవాటు పడగానే తేలికవుతుంది.

ఇక్కడ ఆగి కథ చదివి రండి. నిజంగానే ఆగండి, ఎందుకంటే కింద నేను ముగింపు చెప్పేయబోతున్నాను, ముందే తెలిసిపోతే మొదటిసారి చదవడంలో ఉన్న ఆనందం మీకు మళ్ళీ దొరకదు.

చదివారా? ఇప్పుడు నోట్‌బుక్ తీసి, కథ చూడకుండా, జరిగింది మీ మాటల్లో నాలుగైదు వాక్యాలు రాయండి. దాదాపు అందరూ ఇలా రాస్తారు: గోపాలరావు అనే చదువుకున్నాయన, సంస్కరణ మాటలు చెప్పే మనిషి, మీటింగులకని భార్యకి చెప్పి రాత్రుళ్ళు సానుల పాటకి వెళ్తుంటాడు, ఒకరాత్రి ఆలస్యంగా ఇంటికొస్తే భార్య కమలిని ఉండదు, ఉత్తరం ఉంటుంది, ఆయనకి బుద్ధొస్తుంది, చివరికి ఆమె మంచం కింద నుంచి నవ్వుతుంది. బాగుంది. ఇందులో ఒక్క తప్పూ లేదు. కానీ ఇదంతా గోపాలరావు వెనకాల నడుచుకుంటూ చూసిన కథ, ఆయనకి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు.

రెండోసారి చదివేటప్పుడు మీరు ఆయనతోపాటు గుమ్మంలోంచి రావద్దు. ముందే వెళ్ళి మంచం కింద కమలిని పక్కన కూర్చోండి. ఇక ప్రతి వాక్యానికీ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ మాట ఆమెకి వినపడుతోందా?

ఇప్పుడు చూడండి ఎంత మారిపోతుందో. ఆయన ఇల్లంతా వెతుకుతుంటే ఆ అడుగులు ఆమెకి వినపడుతూనే ఉన్నాయి. నౌకరు రాముణ్ణి పిలిచి, కోపం ఆపుకోలేక వాడి వీపుమీద గుద్ది, అంతలోనే జాలిపడి నిమురుతాడే, అది కూడా. మొదటిసారి చదివినప్పుడు అది నవ్వొచ్చే చోటులా దాటిపోతాం, రెండోసారి అదే చోట నాకు ఆమె సంగతి గుర్తొస్తుంది: తను లేదనుకుంటే మొగుడు ఎలా ఉంటాడో ఆమె ఇప్పుడే మొదటిసారి చూస్తోంది. ఆ తర్వాత ఆమెని తీసుకురమ్మని రాముడికి పురమాయిస్తూ, పంతులుకి, అంటే తనకి, బుద్ధొచ్చిందని, ఇక సానుల పాట వినడని, రాత్రుళ్ళు ఇల్లు కదలడని అమ్మగారితో ఎలా చెప్పాలో నేర్పుతాడు చూడండి, ఆ చోట కాసేపు ఆగండి. ఊరు దాటి వెళ్ళాల్సిన కబురు ఎవరికోసమో, ఆ మనిషి అదే గదిలో, రెండు మూడు అడుగుల దూరంలో ఉండి మొత్తం వింటోంది. ఎదురుగా ఉంటే ఆయన ఈ మాటలు ఇంత తేలిగ్గా అనేవాడా? నా లెక్కలో కథంతా ఈ ప్రశ్న మీదే నిలబడి ఉంది, ఇది మొదటిసారికి ఎవరికీ తట్టదు, తట్టకుండా రాయడమే గురజాడగారి పనితనం.

ఉత్తరం కూడా మళ్ళీ చదవండి. మొదటిసారి అది వెళ్ళిపోతున్న మనిషి బాధలా ఉంటుంది. ఈసారి అది ఎక్కడికీ వెళ్ళని మనిషి రాసిన ఉత్తరం. ఏ మాట నిజం బాధతో రాసింది, ఏ మాట ఆయనకి తగలాలని రాసింది? పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. అందరి గీతలూ ఒకేచోట పడవు, పడాల్సిన పని కూడా లేదు, కానీ ఎందుకు పెట్టారో అడిగితే పేజీలో వాక్యం చూపించగలగాలి. "నాకలా అనిపించింది" అంటే ఒప్పుకోను.

అభ్యాసం ఇది. కమలిని చెబుతున్నట్టుగా ఈ కథని ఒక పేజీ రాయండి, చీకట్లో ఆమెకి కనపడేది తక్కువ, కాబట్టి చప్పుళ్ళతోనే నడపండి. అది కష్టమైతే రాముడి వైపు నుంచి రాయండి, పాపం అర్ధరాత్రి దెబ్బ తిన్నది అతనే కదా. రాముడి మాటలు మన విజయనగరం వైపు మాటల్లాగే, మీ ఇంట్లో తాతలు మాట్లాడినట్టే రాసుకోండి, మార్కులు తగ్గవు.

పద్ధతి పట్టుబడ్డాక వేరే కథలకి వాడి చూడండి. శ్రీకాకుళం చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఎవరినైనా పెద్దవాళ్ళని తోడు తీసుకుని ఒకసారి కథానిలయం లైబ్రరీకి వెళ్ళి రండి. కాళీపట్నం రామారావుగారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు, తెలుగు కథ అచ్చయిన పత్రికలూ పుస్తకాలూ అక్కడ వెతికి వెతికి చేర్చారు. ఆయనా నాలాగే బడిపంతులుగా పనిచేశారు. ఊరు దూరమైతే వాళ్ళ వెబ్‌సైట్‌లో బోలెడు కథలు స్కాన్ చేసి పెట్టారు, ఫోన్‌లోనే చదవొచ్చు. రామారావుగారి 'యజ్ఞం' మాత్రం హైస్కూలు పిల్లలు ఇప్పుడే పట్టుకోవద్దు. పెద్ద కథ, ముగింపు మనసుని చాలా కలచివేస్తుంది. ఇంటర్ అయ్యాక నెమ్మదిగా చదవండి.

వచ్చే పాఠానికి విజయనగరం చాసో (చాగంటి సోమయాజులు)గారి 'వాయులీనం'. ఫిడేలు తెలిసిన ఒకావిడ, ఆమెకి జబ్బు, చేతిలో డబ్బులేని భర్త, అంతవరకే చెబుతాను. ఒక్కసారే చదివి, ఇంట్లో ఉన్న వస్తువుల జాబితా ఒకటి రాసి ఉంచండి, ఏది ఎవరిదో పక్కనే రాయండి. రెండోసారి కలిసి చదువుదాం.