సొంత సంపాదన – 3వ పాఠం: పనికి ధర కట్టడం

గత పాఠంలో మీ అబ్బాయో అమ్మాయో తనకు వచ్చిన పనులన్నీ రాసి, అందులో ఒకటి ఎంచుకున్నారు. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇంకా ఎంచుకోకపోతే ముందు అది పూర్తి చేసి ఇక్కడికి రండి.

ఈసారి నేర్చుకునేది ఒక్కటే. తన పనికి ఎంత అడగాలో పిల్లలే లెక్క కట్టి, వాళ్లే నోరు తెరిచి చెప్పడం. సరిగ్గా ఇక్కడే మనం అడ్డుపడతాం. "వాళ్లకు తోచింది ఇస్తార్లే, తీసుకో" అనేస్తాం. మా అమ్మాయి మొదటి పనికి నేనూ అలాగే అన్నాను. నెల తిరిగేసరికి తనకు ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో తెలియక ఆ పనంటేనే విసుగు పుట్టింది. ధర ముందే చెప్పి ఉంటే ఆ విసుగు ఉండేది కాదు.

లెక్క సమయంతో మొదలుపెట్టండి. ఒక 15 ఏళ్ల అమ్మాయి చిన్న క్లాసు పిల్లాడికి లెక్కలు చెబుతోంది, క్లాసుకు 100 అడుగుదామనుకుంటోంది అనుకుందాం. (ఈ అంకెలు లెక్క అర్థం కావడానికే, అడగాల్సిన ధర కాదు.) చెప్పేది గంట. కానీ ముందు ప్రశ్నలు తయారు చేసుకోవడానికి అరగంట, వెళ్లి రావడానికి పావుగంట. అంటే ఒక్కో క్లాసుకు గంటా మూడు పావులు. నెలకు 8 క్లాసులంటే 14 గంటలు. చేతికొచ్చేది 800, అందులో జిరాక్సులకు 80 పోతే మిగిలేది 720. దాన్ని 14తో భాగిస్తే గంటకు 51 పైచిలుకు. తాను 100 అనుకున్నది నిజానికి అందులో సగమే! ఈ భాగహారం పిల్లల చేతే చేయించండి. మీరు చేసి చూపిస్తే అది మీ లెక్క అవుతుంది.

51 తక్కువనిపిస్తే ధర పెంచాలి, లేదా తయారీ సమయం తగ్గించుకోవాలి. ఒకసారి రాసుకున్న ప్రశ్నలు మరో విద్యార్థికీ పనికొస్తాయి కదా. అదే పనికి చుట్టుపక్కల వాళ్లు ఎంత తీసుకుంటున్నారో కనుక్కుంటే ఎంతవరకు అడగవచ్చో తెలుస్తుంది.

ఇక చెప్పడం. నా దృష్టిలో కష్టమైనది ఇదే. చాలామంది పిల్లలు ధర చెప్పీ చెప్పగానే, ఎదుటివాళ్లు ఏమీ అనకముందే "కొంచెం తగ్గించినా పర్లేదు" అంటారు. అందుకే ఇంట్లో రిహార్సల్ చేయండి. "వారానికి రెండు క్లాసులు, క్లాసుకు ఇంత, నెలాఖరున ఇవ్వాలి" అని చెప్పి ఆగిపోవాలి. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని ఓర్చుకోవడం అలవాటు కావాలి. మీరు కస్టమర్‌గా కూర్చుని "చిన్నపిల్లవి, అంతా?" అని గట్టిగానే అడగండి. జవాబుగా ధర తగ్గించకూడదు, పని తగ్గించాలి: "అయితే వారానికి ఒక్క క్లాసు పెట్టుకుందామండీ."

చుట్టాల విషయంలో నా సలహా: చేస్తే పూర్తిగా ఉచితంగా చేయమనండి, లేదంటే మామూలు ధరే చెప్పమనండి. సగం ధర మాట్లాడుకున్నచోటే రెండువైపులా మనసు నొచ్చుకుంటుంది.

ఒప్పుకునే ముందు వయసు చూడాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం పనికి కనీస వయసు సాధారణంగా 15 ఏళ్లుగా పెట్టింది. ఆరోగ్యానికీ చదువుకూ దెబ్బ తగలని తేలిక పనులు 13 నుంచి చేయవచ్చు. ప్రమాదకరమైన పనులకు 18 నిండాలి. వెనుకబడిన ఆర్థిక వ్యవస్థలున్న దేశాలకు మొదటి రెండింటిలో ఒక్కో ఏడాది సడలింపు ఇచ్చింది. మీ దేశపు చట్టం ఏమంటుందో విడిగా చూసుకోండి. కొత్తవాళ్ల ఇంటికి వెళ్లాల్సి వస్తే మొదటిసారి మీరూ వెంట వెళ్లండి, ధర మాత్రం పిల్లలనే చెప్పనివ్వండి.

ఈ వారం అభ్యాసం: ఎంచుకున్న పనిని ఇంట్లోనే ఒకసారి గడియారం పెట్టుకుని చేయించండి. తయారీ, ప్రయాణం, సర్దుడు అన్నీ నిమిషాల్లో రాయించి, ఖర్చు తీసేసి గంట ధర తేల్చమనండి. రిహార్సల్ కనీసం మూడుసార్లు చేయండి, మూడోసారి మీరు బేరం ఇంకా గట్టిగా ఆడాలి. తర్వాత ఒక్క నిజమైన కస్టమర్‌ను అడగమనండి. వాళ్లు వద్దన్నా సరే, ఏమన్నారో ఆ మాటల్లోనే నోట్‌బుక్‌లో రాయించండి. 4వ పాఠం ఆ పేజీతోనే మొదలవుతుంది.