ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్ మనిషి వాయించినట్టు వినిపించాలంటే

మౌస్‌తో గ్రిడ్ మీద నోట్లు పేర్చి తయారుచేసిన డ్రమ్ ట్రాక్, నాలుగు బార్లు (తాళపు ఆవర్తాలు) గడిచేసరికి యంత్రపు పని అని పట్టుబడిపోతుంది. అప్పుడు మనలో చాలామంది చేసే మొదటి పని సాఫ్ట్‌వేర్‌లోని హ్యూమనైజ్ ఆప్షన్ తెరిచి నోట్లన్నిటినీ అటూ ఇటూ చెదరగొట్టడం. నేనూ చాలాకాలం అదే చేశాను. ఒకసారి అలా 20 మిల్లీసెకండ్ల మేర చెదరగొట్టిన ట్రాక్‌ను ఒక డ్రమ్మర్ మిత్రుడికి వినిపిస్తే, ఆయన టైమింగ్ ఊసే ఎత్తకుండా, "ఫిల్ నడుస్తున్నంతసేపూ హై-హ్యాట్ ఎవరు వాయిస్తున్నారండీ?" అని అడిగారు. చూసుకుంటే నిజమే, రెండు చేతులూ ఫిల్‌లో, అంటే పాటలో ఒక భాగం ముగిసి మరొకటి మొదలయ్యే చోట వచ్చే చిన్న విన్యాసంలో, ఉండగా హై-హ్యాట్ కూడా మోగుతోంది. నా డ్రమ్మర్‌కు మూడు చేతులున్నాయి. ఆ రోజు నుంచి నా పనిలో వరుస మారింది: ముందు చేతులూ కాళ్లూ, ఆ తరువాత వెలాసిటీ (దెబ్బ బలం), టైమింగ్ జోలికి వెళ్లేది చిట్టచివర.

చేతులు రెండే

కుడిచేతి వాటం ఉన్న డ్రమ్మర్‌ను ఊహించుకోండి. కుడిచేయి హై-హ్యాట్ (పెడల్‌తో తెరిచి మూసే జంట తాళాలు) మీదో రైడ్ (నడక నిలిపే పెద్ద తాళం) మీదో ఉంటుంది, ఎడమచేయి స్నేర్ (అడుగున తీగలున్న డ్రమ్) మీద, కుడికాలు కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) పెడల్ మీద, ఎడమకాలు హై-హ్యాట్ పెడల్ మీద ఉంటాయి. ఏ క్షణంలోనైనా కర్రతో పుట్టే శబ్దాలు రెండుకు మించకూడదు. ట్రాక్‌ను మొదటి బార్ నుంచి చివరిదాకా ఈ ఒక్క నియమంతో సరిచూస్తే సగం కృత్రిమత్వం అక్కడే తొలగిపోతుంది. స్నేర్‌తో పాటు క్రాష్ (గట్టిగా మోగే తాళం) పడిన చోట హై-హ్యాట్ నోటును తీసివేయాలి. టామ్‌ల మీద ఫిల్ మొదలైన చోట హై-హ్యాట్ ఆగిపోవాలి, ఫిల్ ముగిసి క్రాష్ పడేటప్పుడు దాని కింద కిక్ ఉండాలి. కిక్ లేని క్రాష్ బోలుగా వినిపిస్తుందని డ్రమ్మర్లు సాధారణంగా రెంటినీ కలిపే కొడతారు.

బీటుకు నాలుగు చొప్పున హై-హ్యాట్ నోట్లున్న వేగమైన గ్రూవ్‌లో (తిరిగి తిరిగి వచ్చే తాళపు నడకలో) ఇంకొక సూక్ష్మం ఉంది. ఆ వేగాన్ని ఒక చేత్తో నిలబెట్టడం కష్టం కనుక రెండు చేతులూ హై-హ్యాట్ మీద వంతులవారీగా పడతాయి, రెండో బీటు, నాలుగో బీటు వచ్చినప్పుడు కుడిచేయి హై-హ్యాట్‌ను వదిలి స్నేర్ కొట్టి తిరిగి వస్తుంది. కాబట్టి స్నేర్ పడిన ఆ రెండు చోట్లా హై-హ్యాట్ ఉండదు. ప్రోగ్రామ్ చేసిన ట్రాకుల్లో ఈ ఖాళీ దాదాపు ఎప్పుడూ కనిపించదు, అది వదిలిన మరుక్షణం గ్రూవ్ ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది.

ఎడమకాలిని మరచిపోకూడదు. తెరిచిన హై-హ్యాట్ మోగుతూ ఉండగా మూసిన హై-హ్యాట్ పడితే మొదటిది ఆగిపోవాలి, ఆ రెండు శబ్దాలు ఒకే చోక్ గ్రూపులో (ఒకటి మోగితే రెండోది ఆగేలా కట్టిన జట్టులో) లేకపోతే ఒకదాని మీద ఒకటి మోగి గుట్టు బయటపడుతుంది. నోట్లను అంకెలుగా నమోదు చేసే మిడి భాషలో, జనరల్ మిడి అనే ఉమ్మడి పద్ధతి ప్రకారం మూసిన హై-హ్యాట్‌కు 42, పెడల్‌తో మూసే శబ్దానికి 44, తెరిచినదానికి 46 అంకెలు ఉంటాయి. పల్లవిలో కుడిచేయి రైడ్ మీదికి వెళ్లినప్పుడు రెండో, నాలుగో బీట్ల మీద 44ను మెల్లగా వినిపిస్తే, డ్రమ్మర్ ఎడమకాలు ఖాళీగా లేదన్న సంగతి చెవికి తెలుస్తుంది.

వెలాసిటీ

ఎక్కువ సమయం వెచ్చించవలసినది ఇక్కడే. మిడిలో వెలాసిటీ 1 నుంచి 127 వరకు ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మనకు ముందే నింపి ఇచ్చే విలువ సాధారణంగా 100 దగ్గర ఉంటుంది. నోట్లన్నీ ఆ ఒక్క విలువ మీదే నిలిచిపోతే టైమింగ్‌ను ఎంత సవరించినా ఫలితం ఉండదు. పైగా మంచి డ్రమ్ లైబ్రరీలో (రికార్డు చేసిన దెబ్బల, అంటే శాంపిళ్ల, సేకరణలో) వెలాసిటీ కేవలం శబ్దం హెచ్చుతగ్గులను నిర్ణయించే అంకె కాదు, అంకె మారితే వేరే శాంపిల్ పలుకుతుంది. మెల్లగా తాకిన స్నేర్‌కూ, గట్టిగా కొట్టిన స్నేర్‌కూ నాదంలోనే తేడా ఉంటుంది కనుక, అన్నిటినీ 120 పైన ఉంచితే లైబ్రరీలో రికార్డు చేసిన దెబ్బల్లో అధికభాగం మనకు వినిపించనే వినిపించవు. 120 నుంచి 127 వరకు ఉన్న ఆ కాస్త మేరను పాట పతాకస్థాయికి చేరిన చోటికి దాచుకోవడం మంచిది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. టెంపో 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు), బార్‌కు నాలుగు బీట్లు, హై-హ్యాట్ బీటుకు రెండు నోట్లు, కిక్ ఒకటో బీటు, మూడో బీటు, మూడున్నర మీద, స్నేర్ రెండో బీటు, నాలుగో బీటు మీద ఉన్నాయనుకుందాం. హై-హ్యాట్ ఎనిమిది నోట్లకూ నేను వరుసగా 96, 62, 90, 58, 94, 64, 88, 60 ఇస్తాను. బీటు మీద పడే నోటు కర్ర నడుము హై-హ్యాట్ అంచుకు తగిలి వచ్చేది కనుక బరువుగా ఉంటుంది, బీటు మధ్యలోది కర్ర మొన పైభాగానికి తగిలి వచ్చేది కనుక తేలిగ్గా ఉంటుంది. స్నేర్ పడిన చోట్ల హై-హ్యాట్‌ను కొద్దిగా తగ్గించాను, ఎందుకంటే ఎడమచేయి బలంగా దిగే క్షణంలో డ్రమ్మర్ మనసు స్నేర్ మీద ఉంటుంది. రెండో బార్‌కు ఇవే అంకెలను కాపీ చేయకుండా 94, 60, 91, 55, 97, 66, 86, 72 అని రాసి, చివరి నోటును సగం తెరిచిన హై-హ్యాట్‌గా మారుస్తాను. ఆకారం అదే, అంకెలు వేరు. ఎక్కువ, తక్కువల వరుస నిలబడి ఉన్నంతకాలం లోపలి తేడాలు సహజంగా వినిపిస్తాయి, వరుసే చెదిరిపోతే వాయించేవాడు తడబడుతున్నట్టు ఉంటుంది. హ్యూమనైజ్ బటన్ చేసే హాని సరిగ్గా ఇదే.

స్నేర్‌కు 108, 113 చాలు. రెండో బీటును నాలుగు పాళ్లు చేసి, నాలుగో పాలు మీద 30 వెలాసిటీతో ఒక ఘోస్ట్ నోటు (వినీ వినిపించనట్టు పడే దెబ్బ) ఉంచండి. ఘోస్ట్ నోటును విడిగా గుర్తించగలిగితే అది ఎక్కువైనట్టే. మ్యూట్ చేసినప్పుడు ఏదో తగ్గిందని అనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. 20 నుంచి 40 మధ్య ఎక్కడ నిలపాలన్నది లైబ్రరీని బట్టి మారుతుంది కనుక అంకెను నమ్మకుండా చెవిని నమ్మాలి. వేగంగా వచ్చే స్నేర్ రోల్స్‌లో కుడి, ఎడమ వరుసగా పడతాయి కాబట్టి ఒకటి విడిచి ఒకటి ఐదారు అంకెలు తగ్గిస్తే ఎడమచేయి పలుకుతుంది.

మీ దగ్గర ఒక్కో డ్రమ్‌కు ఒక్కటే శాంపిల్ ఉంటే, అదే దెబ్బ వరుసగా మోగి మెషిన్‌గన్ పేలినట్టు వినిపించడం తప్పదు. ఆ శాంపిల్‌కు మూడు నాలుగు నకళ్లు తీసి, ఒక్కోదాని శ్రుతిని పది సెంట్ల లోపు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) మార్చి వంతులవారీగా వాడితే కొంత మెరుగు. వెలాసిటీ తగ్గినకొద్దీ పై పౌనఃపున్యాలు తగ్గేలా ఫిల్టర్‌ను కట్టడం ఇంకా మేలు.

టైమింగ్

100 బీపీఎం దగ్గర ఒక బీటు 600 మిల్లీసెకండ్లు, అందులో నాలుగో వంతు 150. బీటుకు 480 టిక్కులున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక టిక్కు 1.25 మిల్లీసెకండ్లు. ఈ లెక్క చేతిలో ఉంటే ఎంత జరపాలో తెలుస్తుంది. స్నేర్‌ను ఆరు టిక్కులు, అంటే 7.5 మిల్లీసెకండ్లు, వెనక్కి జరిపి, అంటే ఆలస్యంగా పడేలా చేసి, కిక్‌ను గ్రిడ్ మీదే ఉంచితే గ్రూవ్ తాపీగా వెనక్కి వాలినట్టవుతుంది. అదే మేర ముందుకు జరిపితే పాట తొందరపడుతున్నట్టు ఉంటుంది. ముఖ్యం ఏమిటంటే అన్ని స్నేర్ దెబ్బలూ ఒకే వైపు జరగాలి, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ వెళితే అది శైలి అనిపించుకోదు. ఒకేసారి పడవలసిన స్నేర్, హై-హ్యాట్‌ల మధ్య దూరం 20, 30 మిల్లీసెకండ్లకు చేరితే చెవికి అవి రెండు దెబ్బలుగా వినిపిస్తాయి కనుక అంత దూరం వెళ్లవద్దు.

రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్ఎం-1 డ్రమ్ మెషిన్‌లోనే స్వింగ్ సెట్టింగ్, అంటే ఒకటి విడిచి ఒకటి నోటును కాస్త ఆలస్యం చేసేది, ఉంది. 50 శాతమంటే నోట్లు సమానంగా ఉన్నట్టు, 66 దగ్గరికి వస్తే బీటును మూడు పాళ్లు చేసినట్టు. మన ఉదాహరణలో బీటును నాలుగు పాళ్లు చేసినప్పుడు 54 శాతం స్వింగ్ పెడితే, రెండో పాలు నోటు 150 మిల్లీసెకండ్ల దగ్గర కాక 162 దగ్గర పడుతుంది. స్వింగ్ ఉందని ఎవరికీ తెలియకుండానే నడక మారడానికి ఈ 12 మిల్లీసెకండ్లు చాలు.

యాదృచ్ఛికంగా చెదరగొట్టడం ఎందుకు పనిచేయదన్నదానికి ఒక పరిశోధన ఉంది. 2011లో హోల్గర్ హెన్నిగ్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మనిషి వాయించేటప్పుడు వచ్చే చిన్న చిన్న ఎడాలకు పరస్పర సంబంధం ఉంటుంది: ఇప్పుడు కాస్త వెనకబడ్డ తీరు చాలాసేపటి తరువాతి దెబ్బల మీద కూడా ప్రభావం చూపుతుంది. అలాంటి సంబంధం ఉన్న ఎడాలను శ్రోతలు ఒకదానితో ఒకటి పొంతన లేని ఎడాలకంటే ఎక్కువగా ఇష్టపడ్డారు. కంప్యూటర్ ప్రతి నోటుకూ కొత్తగా పాచికలు వేస్తే ఆ జ్ఞాపకం ఏర్పడదు.

ఆ జ్ఞాపకాన్ని తెచ్చుకోవడానికి నాకు తెలిసిన సులువైన మార్గం, పాట పొడవునా హై-హ్యాట్ ఒక్కదాన్ని ప్యాడ్ మీదో కీబోర్డు మీదో వేలితో వాయించి రికార్డు చేయడం. నాలుగు నిమిషాల పాటకు నాలుగు నిమిషాల పని. రికార్డింగ్ మొత్తం ఒకే మేర ఆలస్యంగా పడితే అది పరికరం వల్ల వచ్చిన లేటెన్సీ, ట్రాక్‌ను అంత మేర ముందుకు జరపండి. ఆ తరువాత క్వాంటైజ్ (నోట్లను గ్రిడ్ మీదికి లాగే పని) బలాన్ని 100 శాతం పెట్టకుండా 50, 60 దగ్గర ఆపితే పెద్ద తప్పులు సర్దుకుంటాయి, నడక మిగులుతుంది. స్నేర్, కిక్‌లను మౌస్‌తో పెట్టినా ఈ హై-హ్యాట్ వాటిని మోసుకుపోతుంది. పల్లవిలో టెంపోను ఒక బీపీఎం పెంచి చరణంలో తిరిగి తగ్గించడం కూడా నాకు అలవాటే, అయితే బాస్ గిటార్ ముందే రికార్డయి ఉంటే ఈ పని చేయకూడదు.

ఒకే గది

వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన శాంపిళ్లు ఎంత బాగున్నా ఒకే కిట్‌లా వినిపించవు. నిజమైన కిట్‌లో ప్రతి మైకులోనూ మిగతా డ్రమ్స్ కొంత వినిపిస్తాయి, కిక్ పడితే స్నేర్ కింది తీగలు గరగరలాడతాయి. మీ లైబ్రరీలో ఓవర్‌హెడ్ (కిట్ పైన ఉంచే), రూమ్ (గదిలో దూరంగా ఉంచే) మైకుల ఛానళ్లు, ఇతర మైకుల్లోకి పడే శబ్దాన్ని పెంచే బ్లీడ్ అన్న మీట ఉంటే వాటిని కొద్దిగా పైకి తీయండి. లేకపోతే అన్ని డ్రమ్స్‌నూ అర సెకండు రూమ్ రివర్బ్ (గది ప్రతిధ్వనిని కల్పించే ఎఫెక్ట్) ఒక్కదానిలోకే పంపండి. ధ్వని మీటరు దూరం వెళ్లడానికి సుమారు మూడు మిల్లీసెకండ్లు పడుతుంది కాబట్టి, రివర్బ్ ప్రీ-డిలేను (ప్రతిధ్వని మొదలయ్యే ముందు ఆగే సమయాన్ని) పది మిల్లీసెకండ్ల దగ్గర పెడితే మైకు మూడు మీటర్ల వెనక ఉన్నట్టవుతుంది. ఆపైన డ్రమ్స్ అన్నిటికీ కలిపి రెండు మూడు డెసిబెల్స్ కంప్రెషన్ (పెద్ద శబ్దాలను కాస్త అణచడం) చాలు.

ఇంత చేశాక ఫైలును ఎగుమతి చేసి, మరునాడు స్క్రీన్ చూడకుండా, తక్కువ శబ్దంతో, బాస్‌తో కలిపి వినండి. డ్రమ్స్ వైపు దృష్టి మళ్లిన ప్రతి చోటా సమయం రాసుకోండి. నాకు సాధారణంగా మూడు నాలుగు చోట్లు వస్తాయి, వాటిలో రెండు ఫిల్స్ అయి ఉంటాయి, సరిచేయడానికి తిరిగి ప్రాజెక్టు తెరిస్తే అక్కడ ఒక చేయి ఎక్కువై కనిపిస్తుంది.