స్త్రీ, పురుష భేదానికి కట్టుబడని చొక్కాను రూపొందించడం

ధరించే వ్యక్తి తనను తాను ఎలా చూసుకుంటారో, ఏ దుస్తుల్లో ఇబ్బంది పడతారో ముందుగా అడిగి రాసుకున్న తరువాతే కాగితంపై గీత గీయాలి. మగవారి, ఆడవారి సైజు పట్టికలను పక్కన పెట్టి, భుజం, ఛాతీ, నడుము, తుంటి కొలతలను ఆ శరీరం నుంచే తీసుకోవాలి.

అసలు కష్టం ఛాతీ దగ్గర వస్తుంది. డార్టు (శరీర వంపుకు అమరేలా బట్టను మడిచి వేసే కుట్టు) వేస్తే చొక్కా ఆడవారిదిగా కనబడుతుంది. పూర్తిగా తీసేస్తే నిండైన ఛాతీ ఉన్నవారికి ముందు అంచు పైకి లేస్తుంది. అందువల్ల డార్టులోని వంపును యోక్ (భుజాల మీద వచ్చే బట్ట ముక్క) కుట్టులోకి గానీ, దాని కింది కుచ్చుల్లోకి గానీ మళ్లించాలి. అప్పుడు ఆకృతి నిలుస్తుంది, దాని గుర్తు మాత్రం బయటికి తెలియదు.

సంప్రదాయంగా పురుషుల చొక్కాకు గుండీలు ధరించేవారి కుడివైపున, స్త్రీల చొక్కాకు ఎడమవైపున ఉంటాయి కనుక, వాటిని కప్పే పట్టీ పెడితే ఆ తేడా కంటబడదు. నడుము వద్ద లోపలి నాడా ఉంటే, ఏ రోజుకు ఆ రోజు తమకు నచ్చినట్టు బిగించుకోవచ్చు. సంచీలాంటి వదులు దుస్తునే లింగభేదం లేనిదిగా చూపడం నా దృష్టిలో సోమరితనం. 1966లో ఫ్రెంచ్ డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ మహిళల కోసం రూపొందించిన టక్సీడో (మగవారు విందులకు వేసుకునే సూటు) ఒంటికి అమరుతూనే స్త్రీ, పురుష దుస్తుల మధ్య హద్దును కదిలించింది.

చవకైన నూలు గుడ్డతో నమూనా కుట్టి తొడిగించి, చేతులు పైకెత్తమని, కూర్చోమని చెప్పి, ఎక్కడ లాగుతుందో సుద్దతో గుర్తు పెట్టాలి. అసలు బట్టను ఆ తరువాతే కత్తిరించాలి.