హైబ్రిడ్ కారు కొండల్లో నీరసపడితే: లక్షణం, కారణం, పరిష్కారం

పెట్రోలు ఇంజను, బ్యాటరీ మోటారు రెండూ ఉండే హైబ్రిడ్ కారు పికప్ ఘాట్ రోడ్డులో తగ్గినా, కొత్త ఊళ్లో మైలేజ్ పడిపోయినా, చాలామంది నేరాన్ని ఎత్తు మీదనో కంపెనీ మీదనో వేసి ఊరుకుంటారు. నిజానికి ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలగాపులగం అవుతుంటాయి. గాలి పలచబడటం ఒకటి, టన్నున్నర బరువును పైకి మోయటం రెండోది, ఒక్కో దేశం ఒక్కో పద్ధతిలో మైలేజ్, శక్తి అంకెలు అచ్చువేయటం మూడోది. వీటిని విడదీసి చూడకుండా బండిని సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్తే అవసరం లేని క్లీనింగులకు బిల్లు కట్టి రావటమే మిగులుతుంది. ఆ బిల్లు నేనూ ఒకసారి కట్టాను.

ముందుగా ఒక కొలత గుర్తుంచుకోవాలి. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేని పెట్రోలు ఇంజన్ ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు దాదాపు పదో వంతు శక్తిని కోల్పోతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, అరకు 900 మీటర్ల పైచిలుకు, లేహ్ సుమారు 3500 మీటర్లు. అంటే మన రాష్ట్రాల ఘాట్‌లలో ఎత్తు వల్ల జరిగే నష్టం డ్రైవరు కాలికి తెలిసీ తెలియనంతే. అరకు దారిలో బండి నిజంగా నీరసపడిందంటే దానికి కారణం ఎత్తు కాదు, ఎక్కుడు.

లక్షణం: ఘాట్ మొదట్లో చక్కగా లాగిన బండి సగం దారిలో నెమ్మదించింది, ఇంజన్ రొద మాత్రం పెరిగింది

టొయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారాల స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను (మోటారు ఒక్కదానితోనే కొంతదూరం నడవగలిగేది) ఉదాహరణగా తీసుకుందాం. ఇంజన్ 92 పీఎస్ (హార్స్‌పవర్ వంటి శక్తి కొలత), మోటారు 80 పీఎస్, రెండూ కలిసి ఇచ్చేది మాత్రం 116 పీఎస్. 172 రావాలి కదా అని అడిగేవారు ఉంటారు. మోటారుకు కరెంటు ఇంజన్ నుంచి కొంత, బ్యాటరీ నుంచి కొంత వస్తుంది కాబట్టి, ఇంజన్‌కు అదనంగా బ్యాటరీ తన వంతుగా కలపగలిగేది సుమారు 24 పీఎస్ మాత్రమే. ఆ బ్యాటరీ కూడా 0.76 కిలోవాట్ అవర్లది, అంటే కరెంటు బిల్లు లెక్కలో ఒక్క యూనిట్ కూడా పట్టదు. 2000 వాట్ల గీజరు 23 నిమిషాల్లో తాగేసే కరెంటు అది. అందులోనూ బ్యాటరీ ఆయుష్షు కోసం కంప్యూటరు పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నిండనివ్వదు. సగం వరకు వాడనిస్తుందనుకున్నా, ఆ 24 పీఎస్ సాయం పూర్తి స్థాయిలో అందేది నిమిషం, నిమిషమున్నర. ఆ తరువాత కొండ ఎక్కవలసింది ఇంజన్ ఒక్కటే.

పరిష్కారం బండిలో కాదు, కాలిలో ఉంది. మలుపు తిరగగానే యాక్సిలరేటర్ అదిమి, మళ్లీ వదిలి, మళ్లీ అదమటం మాని, నిలకడగా ఒకే వేగంలో ఎక్కితే బ్యాటరీ ఓవర్‌టేక్‌ల కోసం మిగులుతుంది. పవర్ మోడ్ నొక్కితే పెడల్ స్పందన చురుకవుతుంది గానీ, లేని శక్తి పుట్టదు. ట్రాఫిక్ ఆగినప్పుడు చార్జ్ అడుగంటి ఉంటే లీవర్‌ను పి (పార్క్) లో పెట్టి, రెడీ దీపం వెలుగుతుండగా కొద్ది నిమిషాలు ఆగాలి, ఇంజన్ తనంతట తానే ఆన్ అయి బ్యాటరీని నింపుతుంది. ఎన్ (న్యూట్రల్) లో ఉంచితే చార్జ్ కాదు. పాత గేరు బండ్ల అలవాటుతో చాలామంది చేసే పొరపాటు ఇదే.

లక్షణం: లేహ్, ఖర్దుంగ్ లా వంటి చోట్ల మొదటి నుంచే బండి కదలనంటోంది

ఇక్కడ మాత్రం నేరం నిజంగా ఎత్తుదే. లేహ్‌లో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 70 శాతం, 5359 మీటర్ల ఖర్దుంగ్ లా కనుమ మీద 60 శాతం కూడా ఉండదు. ఆ 92 పీఎస్ ఇంజన్ అక్కడ దాదాపు 50 పీఎస్ ఇంజన్‌గా మారిపోతుంది. పైగా ఈ హైబ్రిడ్లలో ఉండేది అట్కిన్సన్ పద్ధతి ఇంజన్. మైలేజ్ కోసం గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకొని, పీల్చిన గాలిలో కొంత వెనక్కి వదిలేస్తుంది కాబట్టి, సీసీకి తగినంత బలం దీనికి మొదటి నుంచే ఉండదు. బ్యాటరీ వాటాకు గాలితో పని లేదు, అది పైన కూడా అంతే ఇస్తుంది. అందువల్లనే రెడీ చేసిన వెంటనే బాగున్న బండి, కాసేపటికి ఒక్కసారిగా కుంగినట్టు అనిపిస్తుంది.

పూర్వం కార్బ్యురేటర్ రోజుల్లో కొండ మీద జెట్లు, అంటే పెట్రోలు వచ్చే చిన్న రంధ్రాల ముక్కలు, మార్చేవారు. ఇప్పుడు లోపలికి వచ్చే గాలిని సెన్సరు కొలిచి దానికి తగ్గట్టే పెట్రోలు వదులుతుంది కనుక సరిచేయవలసింది ఏదీ లేదు. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు మార్చటం, డిక్కీలో, పైన కప్పు మీద బరువు తగ్గించటం, ముందు బండికి ఎక్కువ దూరం వదలటం, ఈ మూడే పనికొస్తాయి.

ఒక విచిత్రం కూడా చెప్పాలి. ఎత్తయిన చోట చదునైన రోడ్డు మీద మైలేజ్ తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. పలచటి గాలి బండిని తక్కువ అడ్డగిస్తుంది. అయితే లేహ్ చలిలో క్యాబిన్ వేడి కోసం ఇంజన్ ఆగకుండా తిరుగుతూ ఆ లాభాన్ని తినేస్తుంది. టైర్ల విషయం మరీ ముచ్చటైనది. హైదరాబాద్‌లో 35 డిగ్రీల వద్ద 33 పీఎస్ఐ పెట్టి బయలుదేరితే, చలికి అయిదు పీఎస్ఐ తగ్గుతుంది, బయటి గాలి ఒత్తిడి తగ్గినందుకు గేజీలో నాలుగు పీఎస్ఐ పెరుగుతుంది. సున్నా డిగ్రీల లేహ్ ఉదయం గేజీ 32 దగ్గర నిలుస్తుంది. కొండ ఎక్కుతున్నామని ముందే గాలి తీసేయటం తప్పు.

లక్షణం: దిగుడులో కాలు తీసినా ఇంజన్ గట్టిగా అరుస్తోంది

తిరుమల నుంచి దిగేటప్పుడు మొదటిసారి ఇది విన్నవారు ఏదో విరిగిందని భయపడతారు. నేనూ బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూశాను, చూడటానికి ఏమీ లేదు. టన్నున్నర పైచిలుకు బండి నూట ముప్పై, నూట యాభై మీటర్లు కిందికి దిగేసరికే ఆ చిన్న బ్యాటరీలో ఖాళీ నిండిపోతుందని లెక్క వేస్తే తేలుతుంది. తిరుమల దిగుడు అంతకు నాలుగైదు రెట్లు. బ్యాటరీ నిండిన తరువాత మిగిలిన శక్తిని ఖర్చు చేయటానికి జనరేటరు ఇంజన్‌ను ఊరికే తిప్పుతుంది. అందులో పెట్రోలు కాలదు. లీవర్‌ను బి (ఇంజన్‌తో బ్రేకు పట్టించే స్థానం) లోకి తెచ్చుకుంటే ఇంజన్ పట్టు పెరిగి బ్రేకులు వేడెక్కకుండా ఉంటాయి. మైలేజ్ వస్తుందని ఎన్ లో దిగటం మాత్రం ప్రాణాలతో చెలగాటమే. మరో సంగతి, కొండ ఎక్కిన పెట్రోలంతా దిగేటప్పుడు తిరిగి రాదు. వెయ్యి మీటర్ల ఎక్కుడుకు సుమారు లీటరు పావు, లీటరున్నర పెట్రోలు అదనంగా పడితే, దిగుడులో తిరిగి దాచుకోగలిగేది బ్యాటరీ పట్టినంతే.

లక్షణం: కాగితం మీది మైలేజ్‌కు, బంకు దగ్గర తేలేదానికి పొంతన లేదు

భారతదేశంలో కంపెనీలు చెప్పే అంకె ఏసీ వేయకుండా, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా ప్రయోగశాలలో నడిపి తీసినది. హైరైడర్‌కు చెప్పే లీటరుకు 27.97 కిలోమీటర్లు అటువంటిదే. జపాన్‌లో టొయోటా హైబ్రిడ్ కారు నాలుగో తరం ప్రియస్‌కు జేసీ08 అనే అక్కడి పరీక్ష పద్ధతిలో లీటరుకు 37.2 కిలోమీటర్లని రాస్తే, అమెరికాలో అదే తరం బండికి అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చినది గ్యాలన్‌కు 52 మైళ్లు, అంటే లీటరుకు 22 కిలోమీటర్లు. బండి మారలేదు, పరీక్ష మారింది. అందుకే డల్లాస్ బంధువు చెప్పిన మైలేజ్‌ను, ఇక్కడి షోరూం కరపత్రాన్ని పక్కపక్కన పెట్టి బాధపడకూడదు. లండన్ బంధువుదైతే మరింత జాగ్రత్త అవసరం. బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు. లండన్ బంధువు గ్యాలన్‌కు 50 మైళ్లంటే లీటరుకు 17.7 కిలోమీటర్లు, డల్లాస్ బంధువు 50 అంటే 21.3.

శక్తి అంకెల్లోనూ ఇదే తంతు. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌ను ఒకచోట 186 పీఎస్ అని, మరోచోట 184 బీహెచ్‌పీ అని, ఇంకోచోట 137 కిలోవాట్లని రాస్తారు. మూడూ ఒకటే.

ఇంధనం తేడా మాత్రం నిజమైనది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో, శుద్ధ పెట్రోలుతో పోలిస్తే లీటరుకు ఆరేడు శాతం శక్తి తక్కువ. వరుసగా మూడు నాలుగు సార్లు ట్యాంకు ఫుల్ చేయించి, ప్రతిసారీ పంపు ఆగిన చోటే ఆపి, ఓడోమీటరుతో లెక్కకట్టిన సగటునే నమ్మాలి.

లక్షణం: డెన్వర్ వైపు ఎక్కుడులో బండి మందకొడిగా ఉంది

డెన్వర్ ఉన్న కొలరాడో వంటి ఎత్తయిన అమెరికా రాష్ట్రాల్లో బంకులు 85 ఆక్టేన్‌ను మామూలు పెట్రోలుగా అమ్ముతాయి. నాకింగ్‌ను, అంటే ఇంజన్‌లో పెట్రోలు వేళ కాని వేళ పేలటాన్ని, పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. పలచటి గాలిలో నాకింగ్ తగ్గుతుందన్న కార్బ్యురేటర్ కాలపు లెక్క అది. మీ మాన్యువల్ 87 అడుగుతుంటే 87 పోయించండి, లేకపోతే కంప్యూటరు నాకింగ్ నుంచి ఇంజన్‌ను కాపాడటానికి ఇగ్నిషన్ టైమింగ్ (పెట్రోలును మండించే క్షణం) వెనక్కి జరిపి బలాన్ని తగ్గిస్తుంది. మన పెట్రోలు ఆక్టేన్ అంకెతో పోల్చి ఆ 87 నాసిరకమనుకోకూడదు. అక్కడి కొలత వేరు, ఆ 87 మన లెక్కలో దాదాపు 91.

ఇవేవీ కానప్పుడు

చదునైన రోడ్డు మీద కూడా పికప్ లేకపోతే, లేదా హైబ్రిడ్ సిస్టమ్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డు చెబితే, అది లోపమే. ముందుగా వెనక సీటు పరిసరాల్లో బ్యాటరీకి గాలి పోయే జాలీ చూడండి. దాని మీద దుప్పటో, సంచో ఉంటే తీసేయండి, దుమ్ము, పెంపుడు కుక్క వెంట్రుకలు పట్టి ఉంటే శుభ్రం చేయించండి. గాలి అందని బ్యాటరీ వేడెక్కి, కంప్యూటరు దాని వాడకాన్ని తగ్గించేస్తుంది. ఎత్తులో పలచటి గాలికి ఫ్యాను చల్లదనం ఇంకా తగ్గుతుంది. జాలీ శుభ్రంగా ఉండీ హెచ్చరిక మళ్లీ వస్తే, ఇన్వర్టరు కూలెంట్ మట్టం చూపించి, హైబ్రిడ్ కంప్యూటరులో నమోదైన కోడ్ చదివించాలి. అధిక వోల్టేజీకి సంబంధించిన నారింజ రంగు వైర్లను మాత్రం సొంతంగా ముట్టుకోకూడదు.