ఫైటర్ చేప పిల్లలను బతికున్న మేతతో పెంచడం ఎలా?

ఫైటర్ చేపలు గుడ్లు పెట్టడం అంత కష్టమేం కాదు. వందల్లో పుట్టిన పిల్లలు వారం తిరిగేసరికి పదో ఇరవయ్యో మిగలడమే బాధ. నీళ్లు పడలేదనో, జబ్బు చేసిందనో అనుకుంటాం గానీ చాలాసార్లు అవి చనిపోయేది ఆకలితో. ఈత మొదలుపెట్టిన పిల్ల పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లే. పొడి మేతను ఎంత మెత్తగా నూరి చల్లినా, కదలనిదాన్ని అది తిండి అనుకోదు. ఆ పొడి అడుగున చేరి కుళ్లిపోతుంది. గప్పీ, మోలీ పిల్లలు కాస్త పెద్దవిగా పుడతాయి కాబట్టి పొడితో నెట్టుకొస్తాయి. ఫైటర్లతో అలా కుదరదు.

జత కట్టించక ముందే: ఇన్‌ఫ్యూజోరియా

27, 28 డిగ్రీల నీళ్లలో గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. మరో రెండు మూడు రోజులు అవి మగ చేప నీటి మీద కట్టిన నురగ గూటికి వేలాడుతూ పొట్టలోని సొనతోనే బతుకుతాయి. అప్పుడు మేత వేయొద్దు. అడ్డంగా ఈదడం మొదలయ్యాక మగ చేపను తీసేసి మేత మొదలుపెట్టాలి. అంటే గుడ్లు పెట్టాక మన చేతిలో ఉండేది నాలుగైదు రోజులు. పిల్లల మొదటి మేత ఇన్‌ఫ్యూజోరియా, అంటే నీళ్లలో పెరిగే కంటికి కనపడనంత చిన్న జీవులు. అవి తయారవడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే జతను ఒక ట్యాంకులో వదలడానికి వారం ముందే వీటి పెంపకం మొదలుపెట్టండి.

వెడల్పు మూతి ఉన్న గాజు సీసాలో పాత ట్యాంకు నీళ్లు పోయండి. ఆ ట్యాంకు అడుగున ఉన్న మడ్డి కొంచెం, ఒకటి రెండు మొక్కల ఆకులు కూడా వేయండి. ఆ జీవులు వాటితోనే వస్తాయి. ఒక క్యాబేజీ ఆకు ముక్కను ఉడికించి, చల్లార్చి అందులో వేయండి. మూతికి బట్ట కట్టండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. నేరుగా ఎండ తగలని కిటికీ దగ్గర పెట్టండి.

రెండో రోజుకి నీళ్లు పాలలా తెల్లబడి వాసన వస్తాయి. అది బాక్టీరియా. చాలామంది పాడైపోయిందని అక్కడే పారబోస్తారు. ఆగండి. ఆ బాక్టీరియాను తింటూ పారమీసియంలనే ఏకకణ జీవులు పెరుగుతాయి, నీళ్లు మళ్లీ తేటపడతాయి. రాత్రి లైట్లు ఆర్పి సీసాకు పక్కనుంచి టార్చ్ వేసి చూడండి. సన్నటి తెల్లటి చుక్కలు అడుగుకు దిగకుండా, ఎటుపడితే అటు తిరుగుతూ కనిపిస్తే మేత సిద్ధమైనట్టే. సూది తీసేసిన సిరంజితో రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా వేయండి. మొదటి సీసా పెట్టిన మూడు రోజులకు రెండోది పెట్టుకోండి. కుళ్లిన గుడ్ల కంపు కొడితే మాత్రం మొత్తం పారబోయాల్సిందే.

మధ్యలో మైక్రోవార్మ్స్

మేత మొదలుపెట్టి నాలుగైదు రోజులు గడిచాక కాస్త పెద్ద మేత కావాలి. అవే మైక్రోవార్మ్స్ అనే సన్నటి పురుగులు. వాటి విత్తనం, అంటే పెంపకం మొదలుపెట్టడానికి బతికున్న పురుగులు, చేపలు పెంచేవాళ్ల దగ్గర చెంచాడు దొరికితే చాలు. ప్లాస్టిక్ డబ్బాలో ఉడికించిన ఓట్స్ పలుచగా పరిచి, చల్లారాక చిటికెడు ఈస్ట్ చల్లి, ఆ విత్తనం కలపండి. మూతకు చిన్న చిల్లులు పెట్టి దూది కుక్కండి. కొద్దిరోజుల్లో పురుగులు గోడల మీదికి పాకుతాయి. వేలితో తుడిచి నీళ్లలో ముంచడమే. ఇవి అడుగుకు దిగిపోతాయి కాబట్టి తక్కువ వేయాలి. మన ఎండాకాలంలో డబ్బా త్వరగా పులిసిపోతుంది. పాతది పాడవకముందే కొత్తది కలుపుకోండి.

అసలు బలం ఆర్టీమియాది

ఆర్టీమియా అంటే ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి. నన్నడిగితే పిల్లలు నిజంగా ఎదిగేది అప్పుడే పొదిగిన ఆర్టీమియాతోనే. మన కోస్తాలో రొయ్యల హేచరీలు వాడేది కూడా దీన్నే. దీని గుడ్లు అక్వేరియం షాపుల్లో చిన్న ప్యాకెట్లుగా దొరుకుతాయి. తడి తగలకుండా ఫ్రిజ్‌లో దాచుకోండి.

నీళ్ల బాటిల్ అడుగు కోసేసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్లకు 25 గ్రాముల అయోడిన్ లేని కల్లుప్పు, చిటికెడు వంటసోడా, పావు చెంచా గుడ్లు వేసి, గాలి పైపు అడుగు దాకా దించండి. గుడ్లు ఎక్కడా పేరుకోకుండా తిరుగుతూ ఉండాలి. పైన లైటు వెలగనివ్వండి. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పొదుగుతాయి, చలికాలంలో ఆలస్యమవుతుంది. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి చేరతాయి. వాటిని సన్నటి పైపుతో లాగి, నేత దగ్గరగా ఉన్న పలుచని బట్టలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వెంటనే వేయండి. గంటలు గడిచేకొద్దీ వాటిలోని సొన కరిగిపోయి బలం తగ్గుతుంది.

వేశాక ఒక్క నిమిషం చూడండి. పిల్ల ఆగుతుంది, ఒళ్లు వంకర తిప్పుతుంది, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. కాసేపటికి పొట్ట నారింజ రంగులో ఉబ్బి కనిపిస్తుంది. పొట్టలు అలా నిండితే ఆపేయండి. మంచినీళ్లలో ఆర్టీమియా కొన్ని గంటలే బతుకుతుంది, మిగిలినవి చచ్చి నీళ్లు పాడుచేస్తాయి.

రోజూ సన్నటి పైపుతో అడుగు చెత్త లాగేసి, ఒక రోజు నిలవబెట్టిన నీళ్లు, అదే వేడిమివి, చుక్కచుక్కగా పోయండి. ట్యాంకు మూత తీసి ఉంచొద్దు. మొదటి నెలలోనే పైగాలి పీల్చే అవయవం ఏర్పడుతుంది, అప్పుడు చల్లగాలి తగలకూడదు. నెల దాటాక ఆర్టీమియాతో పాటు మెత్తటి పొడి మేత అలవాటు చేయండి. మగ పిల్లలు ఒకదాని రెక్కలు ఒకటి కొరకడం మొదలుపెట్టగానే వాటిని విడివిడి సీసాల్లోకి మార్చండి.