రేడియం షాపులో కత్తిరించిన అక్షరాలను మీరే అంటించుకోవడం ఎలా?

దసరా, సిరిమాను ఉత్సవాలు దగ్గరపడేకొద్దీ విజయనగరంలో దుకాణాల పేర్లనూ బళ్ల మీద అక్షరాలనూ కొత్తగా వేయించుకునేవారు పెరుగుతారు. రేడియం షాపువారు వినైల్ (పల్చటి ప్లాస్టిక్ స్టిక్కరు) అక్షరాలను కత్తిరించి ఇస్తారు గానీ, గజపతినగరమో చీపురుపల్లో వచ్చి అంటించాలంటే మనిషి దొరకడు, దొరికినా కూలి వేరే. అద్దం, నున్నటి ఇనుప రేకు, మోటారు సైకిల్ ట్యాంకు వంటి వాటిమీద ఈ పనిని ఎవరైనా చేసుకోవచ్చు. దీనికి చేతి నేర్పు కంటే వరుస తప్పని పద్ధతి ముఖ్యం.

షాపులోనే అడగవలసినవి

మీ చేతికి వచ్చే షీటులో మూడు పొరలుంటాయి. అడుగున నున్నటి కాగితం, మధ్యలో జిగురున్న వినైల్ అక్షరాలు, పైన వాటి మధ్య దూరాలు చెదరకుండా పట్టి ఉంచే అప్లికేషన్ టేపు ఉంటాయి. పై టేపు లేకుండా ఇస్తే తీసుకోకండి. అక్షరాలను అద్దానికి లోపలి వైపు అంటిస్తారో బయటి వైపు అంటిస్తారో ముందే చెప్పాలి, ఎందుకంటే లోపలి వైపుకైతే వాటిని తిరగేసి కత్తిరించాలి. కళింగపట్నం, బారువ వంటి సముద్ర తీరాల్లో బయటి అద్దం మీద ఉప్పు పొర చేరుతుంది కాబట్టి అక్కడ లోపలి వైపే మేలు. సాధన కోసం ఒకటి రెండు పాడైన అక్షరాలను కూడా అడిగి తెచ్చుకోండి.

అక్షరాల ఎత్తు విషయంలో పది అడుగుల దూరానికి ఒక అంగుళం చొప్పున వేయడం వాడుక. వత్తులు, దీర్ఘాలు దూరానికి కలిసిపోతాయి కాబట్టి తెలుగుకు దానికంటే కొంచెం పెద్దవే చెప్పండి.

శుభ్రం చేయడం

అద్దాన్ని సబ్బు నీటితో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూగు రాలని గుడ్డతో తుడవండి. అది ఆవిరయ్యే లోపే పొడి గుడ్డతో మరోసారి తుడవాలి. పూజనాడు పెట్టిన పసుపు బొట్లు, అగరుబత్తి మసి, నూనె చేతుల మరకలు కంటికి కనబడకపోయినా జిగురును పట్టనివ్వవు. కొత్తగా ఎనామిల్ పెయింట్ వేసిన రేకు మీదైతే మూడు నాలుగు వారాలు ఆగడం మంచిది, లేకపోతే పెయింటు నుంచి వెలువడే ఆవిరి వినైల్ కింద బుడగలు కడుతుంది.

ఎండ తగిలి వేడెక్కిన అద్దం మీద జిగురు తాకీ తాకగానే పట్టేసుకుని, సరిచేసుకునే వీలివ్వదు. పది నుంచి ముప్పై డిగ్రీల మధ్య వేడి అనుకూలం కాబట్టి వేసవిలో నీడ ఉన్న ఉదయపు వేళను ఎంచుకోండి. వానాకాలంలోనూ మంచు కురిసే ఉదయాల్లోనూ అద్దం మీద చెమ్మ లేదని చేత్తో తాకి చూసుకోండి.

వరుస కుదర్చడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఇంగ్లీషు పెద్దక్షరాలకు అడుగు అంచు ఒకే గీతమీద ఉంటుంది. తెలుగులో 'శ్రీ', 'ల్లి', 'స్ట' వంటి చోట్ల వత్తులు కిందికి దిగుతాయి. షీటు కింది అంచునో వత్తుల అంచునో కొలతగా తీసుకుంటే పేరు మొత్తం ఒక పక్కకు వాలినట్లు కనిపిస్తుంది. కాబట్టి వత్తులను వదిలేసి, అసలు అక్షరాల అడుగులను కలుపుతూ అప్లికేషన్ టేపు మీద పెన్సిల్‌తో ఒక గీత గీయండి. అద్దం ఫ్రేము నుంచి రెండు చివర్లా ఒకే దూరం కొలిచి మాస్కింగ్ టేపు అంటించి, పెన్సిల్ గీతను దానికి కలపండి. పాత దుకాణాల్లో ఫ్రేమే కొంచెం వంకరగా ఉంటుంది. అప్పుడు లెవెల్ సాధనం చెప్పినట్లు కాక ఫ్రేమును బట్టే పెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే చూసేవారి కన్ను అక్షరాలను ఫ్రేముతోనే పోల్చుకుంటుంది.

చిన్న పేరైతే షీటు పై అంచు పొడవునా మాస్కింగ్ టేపు వేస్తే అది తలుపు బందులా పనిచేస్తుంది. పొడవాటి పేరైతే షీటు నడుమ నిలువుగా టేపు వేసి, ఒక్కొక్క సగాన్ని విడివిడిగా అంటించండి.

అంటించడం

ముందుగా కాగితం తీయకుండానే టేపు మీద స్క్వీజీతో, అంటే రుద్దడానికి వాడే చదునైన ప్లాస్టిక్ పలకతో, గట్టిగా రుద్దండి. స్క్వీజీ లేకపోతే మెత్తటి గుడ్డ చుట్టిన పాత ఏటీఎం కార్డు చాలు. తరువాత షీటును పైకి ఎత్తి, అడుగు కాగితాన్ని దాని మీదికే మడిచినట్లు నెమ్మదిగా వెనక్కి లాగండి. వత్తో, తలకట్టో, సున్నాయో కాగితానికే ఉండిపోతే గోటితో గీకకండి. కాగితాన్ని తిరిగి పరచి, ఆ చోట మళ్లీ రుద్ది, మరో కోణం నుంచి లాగితే వస్తుంది.

ఇక షీటును ఒక్కసారిగా అద్దం మీదికి వదలకుండా, బందు వేసిన వైపు నుంచి అంచులకు స్క్వీజీని కొద్దిగా వాలుగా పట్టి, ఒక గీత మీద మరో గీత కొంత పడేలా రుద్దుకుంటూ పోండి. పెద్ద బొమ్మలను అద్దానికి వేసేటప్పుడు లీటరు నీటిలో కొన్ని చుక్కల షాంపూ కలిపి చల్లితే జరుపుకునే వీలుంటుంది. ఆ పద్ధతిలో నీరంతా బయటికి నెట్టాక కనీసం అరగంట, చెమ్మ రోజుల్లో ఇంకా ఎక్కువ సేపు ఆగాకే టేపు తీయాలి. సన్నటి అక్షరాలకు మాత్రం పొడి పద్ధతే నయం.

టేపును కూడా దాని మీదికే మడిచి, మూలగా నిదానంగా లాగండి. అక్షరం లేస్తుంటే అక్కడే ఆపి, టేపును తిరిగి పరచి రుద్ది, కాసేపు ఆగండి. మిగిలిన బుడగల్లో చిన్నవి కొద్ది వారాల్లో ఎండకు వాటంతటవే పోతాయి. పెద్దవాటిని సూదితో పొడిచి గాలి నొక్కేయాలే గాని బ్లేడుతో కోయకూడదు.

పనికిరాని చోట్లు

ఆటో టాపు రెక్సిన్ మీదా, గరుకుగా ఉండే నల్లటి ప్లాస్టిక్ బంపరు మీదా మామూలు వినైల్ నిలవదు. మడతల షట్టరు మీద అంటించినా తెరిచి మూసేటప్పుడు అంచులు లేస్తాయి కాబట్టి దానికి కుంచె పట్టే ఆర్టిస్టును పిలవడమే ఉత్తమం. నంబరు ప్లేటు జోలికి అసలు పోవద్దు. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి.

జిగురు పూర్తిగా పట్టడానికి ఒక రోజైనా పడుతుంది కాబట్టి రెండు మూడు రోజులు కడగకండి. తరువాత వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు, నీటి ధారను అక్షరాల అంచులకు దగ్గరగా పెట్టవద్దని కడిగేవారికి ముందే చెప్పండి.