హర్డిల్ కాళ్ళు ఎటు ఉండాలి? స్కూలు ఆటల్లో రక్షణ రూళ్ళు, వాటి వెనక కారణాలు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు హైస్కూళ్ళలో వానలు వెనకపట్టి దసరా సెలవులు అయ్యాక యాన్యువల్ స్పోర్ట్స్ హడావుడి మొదలవుతుంది. స్టోర్ రూము తెరిచి సామాను ఎండలో పెట్టినప్పుడు పీఈటీ మాస్టార్లు చూసుకోవలసినవి ఇవి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆట సామాను ఉండాలంటుంది గానీ అది ఎలా ఉండాలో చెప్పదు. కొలతలన్నీ ఆయా ఆటల సంఘాల రూళ్ళలోంచి తెచ్చుకోవాల్సినవే. సమగ్ర శిక్ష కింద హైస్కూలుకి వచ్చే ఆటల గ్రాంటు ఏడాదికి 25,000 రూపాయల దాకా. దాంతో అన్నీ కొనలేం కాబట్టి, ఏ రూలు ఎందుకొచ్చిందో తెలిస్తే ఏది కొనాలో, ఏది వెల్డింగు షాపులో చేయించుకోవచ్చో, ఏ ఆట అసలు మానేయాలో తేలుతుంది.

ముందు హర్డిల్స్, అంటే పరుగుపందెంలో దూకి దాటే అడ్డుపట్టీలు. ఎక్కువ పొరపాట్లు వాటిలోనే. ఇంగ్లండులో ఈ పందెం మొదలైనప్పుడు అడ్డం పెట్టినవి గొర్రెల దొడ్డికి కట్టే తడకలు, నేలలోకి దిగ్గొట్టినవి. కాలు తగిలితే మనిషే పడేవాడు. తర్వాత తిరగేసిన ‘టీ’ ఆకారం కాళ్ళొచ్చాయి. వాటికి ముందువైపు కూడా కాలు ఉండేది గనక, తగిలినప్పుడు పై పట్టీ ముందు పైకి లేచి, ఆ తర్వాతే ఒరిగేది. ఆ లేవడమే తొడకీ మోకాలికీ దెబ్బ. 1935లో ‘ఎల్’ ఆకారం వచ్చింది. కాళ్ళు ఒకవైపే ఉంటాయి, తగలగానే పట్టీ నేరుగా కిందికి పడుతుంది.

అందుకే కాళ్ళు ఎప్పుడూ పరుగెత్తేవాళ్ళు వచ్చే వైపుకే ఉండాలి. తిప్పి పెడితే ‘ఎల్’ హర్డిల్ పాత తడక కంటే మెరుగేమీ కాదు, తగిలినా పడదు. వెల్డింగు షాపులో చేయిస్తే నిలబడాలి కదా అని వాళ్ళు రెండు వైపులా కాళ్ళు పెట్టేస్తారు. కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వండి, నోటిమాటగా చెప్తే చాలదు.

సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక స్ప్రింగ్ త్రాసు చాలు. పట్టీ పైఅంచు నడిమధ్యన కొక్కెం తగిలించి, పరుగు సాగే దిక్కుకి, నేలకి సమాంతరంగా మెల్లగా లాగండి. 3.6 నుంచి 4 కిలోల మధ్య హర్డిల్ ఒరగాలి. అంతకంటే ఎక్కువ పడితే కాళ్ళ మీద జరిపేలా ఉండే బరువుని నిలువు గొట్టం వైపు జరపండి. గాలికే పడిపోతుంటే కాలి చివరికి జరపండి. ఎత్తు మార్చిన ప్రతిసారీ ఈ పని మళ్ళీ చేయాలి. పట్టీ పైకి వెళ్ళిన కొద్దీ తక్కువ బలానికే ఒరుగుతుంది గనక బరువు చివరికి వెళ్ళాలి. చాలా చోట్ల ఈ బరువులు తుప్పుపట్టి గొట్టానికి అతుక్కుపోయి ఉంటాయి. కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఉంచి ఊడదీయండి.

హైజంప్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిక్ ఫాస్‌బరీ వీపు వెనక్కి వాల్చి 2.24 మీటర్లు దూకి బంగారు పతకం గెలిచాడు. ఆ దూకుడు కుదిరింది కింద మందపాటి ఫోమ్ ఉండబట్టే. ఇసుక, రంపపు పొట్టు మీద దూకినన్నాళ్ళూ కాళ్ళ మీద దిగడమే పద్ధతి. ఇప్పుడు పిల్లలు ఫోన్లో చూసి ఇసుక గుంటలోనే వెనక్కి వాలుతున్నారు. దిగేది మెడ మీద. కనీసం 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న ఫోమ్ పరుపు లేని స్కూల్లో సిజర్స్ దూకుడు (కత్తెరలా ఒక్కో కాలూ దాటించి కాళ్ళ మీదే దిగేది) తప్ప ఇంకేదీ నేర్పకూడదు. హాస్టలు పరుపులు పక్కపక్కన పరిస్తే మధ్య సందులో కాలో మోచెయ్యో దిగిపోతుంది, కాబట్టి ఆ పని వద్దు. బారుని తాడుతో కట్టడం, ఇనుప ఊచ పెట్టడం అంతకంటే తప్పు. అది ఎటు తగిలినా పడిపోయేలా రెండు బల్లపరుపు ఆనికల మీద ఊరికే ఆనుకుని ఉండాలి.

లాంగ్‌జంప్ గుంటకి వంశధార ఇసుక బాగుంటుంది, జల్లెడ పట్టిస్తేనే. 8 మీటర్ల పొడవు, 2.75 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు గుంటకి దాదాపు 310 ఘనపుటడుగులు పడుతుంది. 100 అడుగుల ట్రాలీ లెక్కన మూడు ట్రాక్టర్లు. వాన పడి ఎండాక పైపొర పెళుసుగా గడ్డకడుతుంది, దూకే ముందు పారతో అడుగు లోతు తిరగవేసి నీళ్ళు చల్లాలి. గుంట అంచు ఇటుకలు ఇసుక కంటే పైకి కనపడితే పాత టైరు రబ్బరు కప్పండి. రాత్రిళ్ళు బరకం కప్పకపోతే కుక్కలు పాడుచేస్తాయి.

జావెలిన్‌కి 1986లో మగవాళ్ళ ఈటె బరువు కేంద్రాన్ని ముందుకు జరిపారు, ముక్కు తొందరగా దించి దగ్గరలోనే పడేలా. అంతకు రెండేళ్ళ ముందు తూర్పు జర్మనీ ఆటగాడు ఊవే హోన్ 104.80 మీటర్లు విసరడంతో స్టేడియంలో చోటు చాలదన్న భయం పట్టుకుంది. మన గ్రౌండుల్లో చిక్కు దూరం కాదు, పక్కనుంచి నడిచేవాళ్ళు. 2022 డిసెంబరులో బలంగీర్ జిల్లాలో ఒక స్కూలు పోటీల్లో ఈటె ఒక విద్యార్థి మెడలో దిగింది. సెక్టారు, అంటే ఈటె పడాల్సిన హద్దు, గీయడానికి కోణమానిని అక్కర్లేదు. విసిరే చాపం గీసిన కేంద్రం నుంచి 20 మీటర్ల దూరంలో రెండు గీతల మధ్య ఎడం 10 మీటర్లు ఉంటే కోణం సరిపోయినట్టే. షాట్‌పుట్, డిస్కస్‌లకి అదే దూరంలో 12 మీటర్లు. ఇరువైపులా తాడు కట్టి, విసిరే వైపు వేరే పోటీ ఏదీ పెట్టకండి. ఈటెని నడిచి తీసుకురావాలి, తిరిగి విసరకూడదు.

ఫుట్‌బాల్ గోలుపోస్టులు నేలలో గట్టిగా బిగించి ఉండాలని ఆట రూలే చెప్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని కుదిపేసింది. అంత గాలి అక్కర్లేదు, ఇద్దరు పిల్లలు అడ్డగొట్టం పట్టుకుని ఊగితే చాలు, బిగించని పోస్టు ముందుకి పడుతుంది. వెనక గొట్టానికి ఇసుక బస్తాలు కట్టండి, ఆట అయ్యాక పోస్టుల్ని పడుకోబెట్టేయండి.

తోలు బంతితో క్రికెట్ ఆడిస్తే బీఎస్ 7928:2013 (బ్రిటిష్ ప్రమాణం) గుర్తున్న హెల్మెట్లే కొనాలి. టోపీ అంచుకీ జాలీకీ మధ్య సందులోంచి బంతి ముఖానికి తగలకుండా పరీక్ష పెట్టిన ప్రమాణం అది. లోపల చీటీ చూడండి. పెద్దల బంతితో పరీక్షించిన హెల్మెట్ పిల్లల చిన్న బంతికి చాలకపోవచ్చు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పగలకపోయినా పక్కన పెట్టేయాలి.

కబడ్డీకి డబ్బే అక్కర్లేదు. గోళ్ళు కత్తిరించుకోవడం, ఒంటికి నూనె రాసుకోకపోవడం, గొలుసులూ కడియాలూ తీసేయడం ఎప్పటినుంచో ఆ ఆట రూళ్ళే. విజిల్‌తో పాటు ఒక నెయిల్ కట్టరు జేబులో ఉంచుకుని, కోర్టులోకి దిగే ముందు చేతులు చాపించి చూడండి.